పర్యవేక్షకురాలా, పరీక్షకురాలా?

సందేహం: నేను ఇంగ్లండ్‌లో నర్సుని. వార్డుకి ప్లేస్‌మెంట్ మీద, అంటే పని నేర్చుకోడానికి, వచ్చే నర్సింగ్ స్టూడెంట్లకి ప్రాక్టీస్ సూపర్వైజర్‌గా ఉండడానికి ఈమధ్యే ట్రైనింగ్ తీసుకున్నా. ఖమ్మంలో అమ్మకి చెప్తే ప్రమోషన్ అనుకుని జీతం ఎంత పెరిగిందే అంది! తెలుగులో పర్యవేక్షకురాలు అనొచ్చా? స్టూడెంట్ పాసో కాదో తేల్చే ప్రాక్టీస్ అసెసర్ని ఏమనాలి?

సమాధానం: అమ్మగారి తప్పేం లేదండీ, మన దగ్గర సూపర్వైజర్ అంటే బిల్డింగ్ పని దగ్గర గొడుగేసుకుని కూలీల్ని అదిలించే మనిషే గుర్తొస్తాడు మరి. పర్యవేక్షకురాలు కరెక్టే, కాకపోతే కాగితం మాట.

తమాషా ఏంటంటే ఈ పర్యవేక్షకురాలు, అసెసర్‌కి నేను చెప్పబోయే పరీక్షకురాలు, రెండు మాటలూ అక్కచెల్లెళ్ళు. పరి, అవ, ఈక్షణ కలిస్తే పర్యవేక్షణ, పరి, ఈక్ష కలిస్తే పరీక్ష. రెండిట్లోనూ ఉన్నది చూడ్డమే, కానీ 'అవ' చేరేసరికి కనిపెట్టి చూసుకోవడం అనే ఛాయ వచ్చింది, పరీక్ష మాత్రం తేల్చి చెప్పడం వైపు వెళ్ళిపోయింది. మీ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018లో తెచ్చిన స్టాండర్డ్స్ కూడా సరిగ్గా ఇక్కడే గీత గీశాయి చూడండి, అంతకుముందు నేర్పించేదీ మెంటారే పాస్ చేసేదీ మెంటారే, ఇప్పుడు ఒకే స్టూడెంట్‌కి ఒకే టైములో ఒకే మనిషి సూపర్వైజరూ అసెసరూ కాకూడదు. కాబట్టి ఇద్దరినీ కలిపి గురువు అనేస్తే కుదరదు. అసెసర్‌కి మూల్యాంకనం చేసేవారు అని కొందరు రాస్తారు గానీ నాకది ఆన్సర్ పేపర్లు దిద్దుతున్నట్టుంటుంది, మదింపు అంటే ఇంటిపన్ను వాసన. పరీక్షకురాలే నయం, డాక్టరు పేషెంట్‌ని పరీక్షించినట్టు ఎదురుగా మనిషిని చూసి తేల్చడం అందులో ఉంది.

ఇక నోటిమాటకొస్తే పర్యవేక్షణకి మనకి బ్రహ్మాండమైన తెలుగుంది, దగ్గరుండి చేయించడం. ఇందులో కిటుకంతా ఆ 'ఇంచు'లోనే ఉంది. ఇంజెక్షన్ మీరే లాక్కుని ఇచ్చేస్తే అది చేయడం, స్టూడెంట్ చేత ఇప్పిస్తే చేయించడం, మీ ట్రైనింగ్‌లో సగం ఈ చెయ్యి ఆపుకోవడం గురించే అయ్యుంటుంది. పక్కనే నిలబడాలా, నాలుగడుగులు వెనక్కుండాలా అనేది ఆ స్టూడెంట్‌కి ఎంత చేయి తిరిగిందో చూసి మీరే తేల్చుకోవాలి.

అమ్మగారితో "నేర్చుకునే పిల్లల చేత దగ్గరుండి పని చేయిస్తున్నానమ్మా, పాస్ చేసేది మాత్రం వేరేవాళ్ళు" అనండి చాలు. జీతం సంగతి మీరూ మీరూ చూసుకోండి.