మంచులో చిక్కుకున్న ఐర్లాండ్ పల్లె పబ్‌లో మిస్టరీ కథ రాయాలంటే ఏం తెలిసి ఉండాలి?

ఐర్లాండ్ పల్లెటూళ్లో, మంచు కురిసి దారులు మూసుకుపోయిన పబ్‌లో జరిగే కోజీ మిస్టరీ (రక్తపాతం పెద్దగా చూపించకుండా, చిన్న ఊళ్లో సాగే నేరకథ) రాయాలనుకుంటున్నాను, అక్కడ నిజంగా ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. అలాంటి పబ్‌లో నేను మూడు రాత్రులు ఇరుక్కుపోయాను. ఆ మూడు రాత్రుల్లో ఒక దొంగతనం కూడా జరిగింది. ముద్దాయిని నేనే.

ముందు మంచు సంగతి. ఐర్లాండ్ అనగానే మనవాళ్లు మంచు దేశం అనుకుంటారు. కాదు, అది వాన దేశం. దారులు మూసుకుపోయేంత మంచు ఏ పదేళ్లకో ఒకసారి పడుతుంది. అందుకే ఎవరి కారుకీ మంచు టైర్లుండవు, జానెడు పడితే ఊళ్లు ఆగిపోతాయి. కాబట్టి మీ కథకు ఏదో ఒక చలికాలం అంటే కుదరదు, సంవత్సరం తేల్చుకోండి. పాతకాలం కావాలంటే 1947 ఫిబ్రవరి 24, 25 తేదీల మంచు తుఫాను ఉంది, ముసలివాళ్లు ఇప్పటికీ దాని గురించే చెబుతారు. 1982 జనవరి ఉంది. 2010 డిసెంబర్ ఉంది, ఆ క్రిస్మస్ నాడు మేయో కౌంటీలోని స్ట్రెయిడ్‌లో మైనస్ 17.5 డిగ్రీలు నమోదైంది. కానీ క్రిస్మస్ రాత్రి పబ్‌లో హత్య అని మాత్రం రాయకండి. క్రిస్మస్ రోజు పబ్ తెరవకూడదని అక్కడ చట్టం. ఐరిష్ పాఠకుడు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

నాకు దొరికింది 2018. మార్చి 1, గురువారం. అప్పట్లో వారమంతా వెక్స్‌ఫర్డ్‌లో పని, వారాంతం డబ్లిన్‌లో ఇల్లు. తూర్పు నుంచి వచ్చిన చలిగాలి అప్పటికే దేశం మీద కూర్చుంది, దక్షిణం నుంచి ఎమ్మా తుఫాను వచ్చి దాన్ని ఢీకొట్టబోతోంది. దేశమంతా రెడ్ వార్నింగ్. సాయంత్రం 4 గంటల లోపు ఇళ్లు చేరి బయటికి రావద్దని ప్రభుత్వం చెప్పింది. మా ఆవిడ ఫోన్‌లో "ఉన్నచోటే ఉండండి, మీ డ్రైవింగ్ సంగతి నాకు తెలుసు" అంది. నేను పదకొండింటికే బయల్దేరాను. రెండు గంటల తర్వాత, విక్లో కొండలకు పడమటి పక్క ఒక చిన్న ఊళ్లో, ఎత్తు ఎక్కలేక కారు వెనక్కి జారి ఒక రాతిగోడకి ఆనుకుని ఆగింది. ఆ గోడ పబ్‌ది.

పైన రెండు గదులున్న పబ్. నడిపేది అరవై దాటిన ఒకావిడ. నన్నూ కారునూ మార్చిమార్చి చూసి, "టీ తాగుతావా?" అంది. ఆ ఊళ్లో నాతో ఎవరైనా సూటిగా అడిగిన ప్రశ్న దాదాపు అదొక్కటే. ఎక్కడివాడివి, ఏం చేస్తావు అని మన ఊళ్లల్లోలాగా మొహం మీద అడగరు. "దూరం నుంచే వస్తున్నట్టున్నావు" అని వదిలేస్తారు. మనమే ఆ ఖాళీని నింపాలి, నింపేస్తాం కూడా. అరగంటలో నా జీతం తప్ప అన్నీ చెప్పేశాను. వాళ్ల గురించి నాకేమీ తెలియలేదు. మీ డిటెక్టివ్ బయటివాడైతే ఇది గుర్తుపెట్టుకోండి.

లోపల ఎలా ఉంటుందంటే, తలుపు పక్కనే స్నగ్ అని చెక్కతో అడ్డుకట్టిన చిన్న గది. ఒకప్పుడు ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా తాగడానికి అందులో కూర్చునేవారట. దానికీ కౌంటర్‌కీ మధ్య ఒక చిన్న కిటికీ తలుపు. అక్కడ కూర్చుంటే మీరు ఎవరికీ కనబడరు, బార్‌లో మాటలన్నీ వినబడతాయి. మిస్టరీ రచయితకు ఇంతకంటే ఏం కావాలి! నిప్పుగూట్లో టర్ఫ్ కాలుతుంటుంది. చిత్తడి నేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టి అది. వాసన పిడకల పొయ్యికి దగ్గరగా ఉంటుంది. నాకు ఆవిడ తెచ్చిన వేడి విస్కీలో నిమ్మచెక్క ఉంది, ఆ చెక్కకి గుచ్చిన లవంగాలున్నాయి. చలికి వణుకుతూ ఆ లవంగం వాసన పీలుస్తుంటే, నవ్వకండి, మా నాయనమ్మ జలుబు కషాయం గుర్తొచ్చింది.

శుక్రవారం తెల్లవారేసరికి కరెంటు లేదు. కిటికీ సగం వరకు మంచు. తూర్పుగాలికి పొలాల్లో మంచు ఎగిరొచ్చి కంచెలు కనబడకుండా కప్పేసింది. క్యాష్ మెషీన్ తెరుచుకోదు కాబట్టి ఆవిడ ఒక స్కూలు నోటుబుక్కు తీసి ఎవరెవరు ఏం తాగారో పెన్సిల్‌తో రాసింది. మధ్యాహ్నానికల్లా నడిచి రాగలిగినవాళ్లంతా వచ్చేశారు, ఓ పదకొండు మంది. వాళ్ల ఇళ్లల్లో కూడా కరెంటు లేదు, ఇక్కడ మంటైనా ఉంది.

అందరి నోటా ఒకటే మాట, బ్రెడ్. ఆ వారం ఐర్లాండ్ అంతటా దుకాణాల్లో బ్రెడ్ అరలు ఖాళీ. మనకి వరద వస్తుందంటే పాల ప్యాకెట్ల కోసం ఎగబడినట్టు వాళ్లు స్లైస్డ్ పాన్ అని పిలిచే బ్రెడ్ కోసం ఎగబడ్డారు. దాని మీద దేశమంతా జోకులే. పబ్ వంటింట్లో మిగిలినవి రెండు ప్యాకెట్లు, పసుపు రంగు మైనపు కాగితంలో చుట్టినవి. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి నేను కళ్లారా చూశాను. శనివారం పొద్దున లేవు.

ఇక్కడ కాస్త ఆగి మీ కథకు పనికొచ్చే రెండు మూడు సంగతులు చెబుతాను, ఎందుకంటే ఆ రాత్రి నా కళ్ల ముందే అన్నీ ఉన్నా నాకు కనబడలేదు.

అక్కడ తాగడం రౌండ్ల లెక్కన. ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ పైకి లెక్కపెట్టరు, కానీ అందరికీ తెలుసు. తన వంతు రాకముందే లేచి వెళ్లిపోయినవాడిని పదేళ్లయినా మర్చిపోరు. నల్లబీరు రెండు విడతలుగా పోస్తారు, మధ్యలో గ్లాసు కౌంటర్ మీద తేరుకుంటూ ఉంటుంది, ఆ కాసేపు ఎవరూ లేవరు. అంటే ఏ మనిషి ఏ టైముకి కుర్చీలో లేడో చెప్పడానికి గడియారం అక్కర్లేదు, గ్లాసులు చెబుతాయి. ఇంకోటి, 2004 మార్చి 29 నుంచి పబ్ లోపల సిగరెట్ నిషేధం. ఎంత మంచు పడినా కాల్చేవాడు పెరట్లోకి పోవాల్సిందే. బయటికి వెళ్లడానికి అందరికీ ఒక సాకుంది, అందరి అడుగులూ వెనక తలుపు దగ్గరే కలిసిపోతాయి. అడుగుజాడల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గాలి ఉంటే అరగంటలో పూడిపోతాయి. గాలికి గట్టిపడిన మంచు మీద అసలు పడవు.

మూసే టైము ఉందిగా. మామూలు రోజుల్లో రాత్రి 11:30, శుక్ర శనివారాల్లో 12:30. ఆ తర్వాత తలుపు గడియపెట్టి, తెరలు దించి, తెలిసినవాళ్లు లోపలే ఉండిపోతే దాన్ని లాక్-ఇన్ అంటారు. చట్టప్రకారం తప్పు. నన్నడిగితే మీ కథకు గుండెకాయ ఇదే. రాత్రి ఒంటిగంటకి ఏదైనా జరిగితే, నేరం చేయనివాళ్లు కూడా "మేం అప్పటికే ఇంటికెళ్లిపోయాం" అని అబద్ధం చెప్పాలి. అందరూ ఒకే అబద్ధం చెబుతుంటే మీ గార్డా ఏం చేస్తాడు? గార్డా అంటే అక్కడి పోలీసు, మామూలుగా తుపాకీ ఉండదు. 2012, 2013 సంవత్సరాల్లో 139 గార్డా స్టేషన్లు మూసేశారు, చాలా మటుకు పల్లెల్లోవే. కాబట్టి సాయం రాకపోవడానికి మీరు కల్పించాల్సిందేమీ లేదు.

శవం కావాలంటే దానికీ ఒక దారుంది. కరోనర్ అంటే అనుమానాస్పద చావుల్ని విచారించే అధికారి. 1846 నాటి కరోనర్ల చట్టం ప్రకారం అలాంటి చావు జరిగితే శవాన్ని దగ్గర్లోని పబ్‌కి చేర్చాలి, విచారణ అయ్యేదాకా అక్కడే ఉంచాలి. పబ్‌ల్లో చల్లటి గదులుంటాయి కదా. 1962 దాకా ఆ చట్టం అలాగే ఉంది. కొన్ని ఊళ్లల్లో పబ్ యజమానే అంత్యక్రియల ఏర్పాట్లూ చూస్తాడు, టిప్పరరీలో ఫెథర్డ్ అనే ఊళ్లో అలాంటిది ఇప్పటికీ ఉంది. 1947 ఎంచుకుంటే మీ శవం బీరు పీపాల పక్కనే ఉండొచ్చు, ఏ పాఠకుడూ తప్పుపట్టలేడు.

సరే, బ్రెడ్. శనివారం పొద్దున ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఈరోజు టోస్ట్ లేదు" అని మాత్రం అంది. మధ్యాహ్నానికి అది కోర్టు కేసైంది. జడ్జి డెబ్బై దాటిన గొర్రెల రైతు, ఎప్పుడూ మంట పక్కన కూర్చునే ఆయన. ముద్దాయి నేను, ఎందుకంటే పైగదిలో పడుకున్న బయటివాణ్ని నేనొక్కణ్నే.

"రాత్రి పదకొండింటికి వంటింట్లోకి వెళ్లావా, లేదా?"

"టీ పెట్టుకోవడానికి వెళ్లాను."

"పాలు పోసుకున్నావా?"

"పోసుకున్నాను."

"పాలు పోసిన టీ ఉత్తిగా తాగే మనిషిని నేనింతవరకు చూడలేదు" అన్నాడు ఆయన, అందరి వైపూ తిరిగి.

నేను బయటికెళ్లి, మంచులోంచి కారు డిక్కీ తవ్వి, అయిదు కిలోల సోనా మసూరి సంచీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాను. వారమంతా వెక్స్‌ఫర్డ్‌లో వండుకునేది అదే. "ఇది ఉన్నవాడు మీ బ్రెడ్ దొంగిలిస్తాడా?" అన్నాను. కేసు కొట్టేశారు. ఆ రాత్రి గ్యాస్ పొయ్యి మీద వండిన అన్నంలో గొర్రె మాంసం స్ట్యూ పోసుకుని ఆ పదకొండు మందీ తిన్నారు. ఆవకాయ ఒక్కడే రుచి చూశాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కానీ సంచీ తేవడానికి వెళ్లినప్పుడు ఒకటి చూశాను. పెరటి గోడ మీద మంచు దిబ్బరొట్టెలా జానెడు మందాన కూర్చుని ఉంది, ఎక్కడా చెదరకుండా. ఒక్కచోట మాత్రం మూరెడు మేర రాలిపోయి రాయి కనబడుతోంది. ఎవరో అక్కడ చెయ్యి ఆనించి గోడ దాటారు. గోడ అవతల ఏటవాలు పొలం, పైన ఒంటరిగా ఒక ఇల్లు, పొగగొట్టంలోంచి సన్నగా పొగ. అప్పుడు శుక్రవారం రాత్రి గుర్తొచ్చింది. జడ్జిగారి వంతు వచ్చినప్పుడు ఆయన కుర్చీలో లేడు. దూడను చూసొస్తానని తొమ్మిదింటికి వెళ్లి, గంట తర్వాత తొడల దాకా మంచుతో వచ్చి, ఏమీ ఎరగనట్టు తన రౌండ్ కొన్నాడు. ఆయనకున్నవి గొర్రెలు. దూడ ఎక్కడిది? ఒక్కరు కూడా అడగలేదు.

సాయంత్రం ట్రాక్టర్‌తో దారి తీయడానికి వచ్చిన కుర్రాణ్ని, ఆ పైయింట్లో ఎవరుంటారని అడిగాను. ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుందని చెప్పాడు. కాసేపాగి, "ఆవిడకీ ఈ పబ్ ఆవిడకీ మాటల్లేవు, ఆ పొలంలో దారి గురించి. నేను పుట్టకముందు గొడవ" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. నాకు చాలు, మనది గట్టు తగాదాలు తెలియని ఊరేం కాదు. పిలిచి ఇస్తే ఆవిడ పుచ్చుకోదు. పంపితే ఈవిడ తగ్గినట్టవుతుంది. దొంగిలిస్తే ఎవరికీ పేచీ లేదు. రెండు ప్యాకెట్లూ వెనక తలుపు పక్కన బల్ల మీద ఎవరు పెట్టారో కూడా అప్పుడు అర్థమైంది, ఎందుకంటే ఎనిమిదింటికి నేను చూసినప్పుడు అవి ఉన్నది అక్కడే, బ్రెడ్ డబ్బాలో కాదు.

చీకటి పడ్డాక వంటింటి కిటికీ గట్టు మీద ఒక పొట్లం కనబడింది. పసుపు రంగు మైనపు కాగితం, మడతలు జాగ్రత్తగా సాపు చేసి మళ్లీ చుట్టింది. లోపల ఏడు కోడిగుడ్లు. పబ్‌లో కోళ్లు లేవు.

ఆదివారం పొద్దున దారి తెరుచుకుంది. బయల్దేరే ముందు ఆవిడ పెనం పొయ్యి మీద పెట్టి, నావైపు తిరక్కుండానే ఎన్ని గుడ్లు వెయ్యమంటావని అడిగింది.

రెండు చాలన్నాను.