క్రియాటినిన్ 1.6 ఉందని ఏఐ కొబ్బరినీళ్లు మానేయమంది.. మానేయాలా డాక్టర్?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం, ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న చోటు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు 52 ఏళ్లు. కొబ్బరి తోట పని, సీజన్‌లో జీడి పని చేస్తారు. షుగరు, బీపీ లేవు. గత నెల రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.6 వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ లేదని రాశారు. రిపోర్టు ఫొటో తీసి ఏఐ చాట్‌బాట్‌కి పెడితే ఇది కిడ్నీ జబ్బు మూడో దశ అంది. కొబ్బరినీళ్లు, అరటి, పనస, జీడిపప్పు పూర్తిగా మానేయమంది, పప్పు, గుడ్డు బాగా తగ్గించమంది. మామూలు ఉప్పు బదులు సోడియం తక్కువగా ఉండే ఉప్పు వాడమంది. డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు గురించి డాక్టర్‌ని అడగమని కూడా చెప్పింది. అప్పట్నుంచి నాన్న సగం తిండే తింటున్నారు, ఇంట్లో అందరికీ టెన్షన్. మా వైపు పైపు నీళ్లు వచ్చాయి, పలాసలో పెద్దాసుపత్రి వచ్చింది, అయినా ఈ జబ్బు ఎందుకు ఆగట్లేదు? ఏఐ చెప్పింది నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ నాన్నగారికి కడుపునిండా అన్నం పెట్టండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ చాట్‌బాట్ లెక్క తప్పేమీ కాదు. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీ వడపోసి బయటికి పంపుతుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు, వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి కిడ్నీ ఎంత వడపోస్తోందో లెక్క కట్టాలి, దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటాం. 52 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 ఉంటే అది సుమారు 51 వస్తుంది. 45 నుంచి 59 మధ్య ఉంటే మూడో దశలో మొదటి సగం కింద లెక్క. అదే 1.6 ఒక 65 ఏళ్ల ఆవిడకి వచ్చిందనుకోండి, ఆమెకి 35 దగ్గరికి పడిపోతుంది. అంకె ఒకటే, జబ్బు వేరు. చాలా ల్యాబుల్లో క్రియాటినిన్ రాసి పక్కన 'నార్మల్ 1.3 వరకు' అని వేసి పంపేస్తారు, ఇంటికెళ్లాక ఆ చీటీ చూసుకుని కొందరు అనవసరంగా భయపడతారు, కొందరు అనవసరంగా ధైర్యంగా ఉంటారు. ఈజీఎఫ్ఆర్ లెక్క కట్టే ఆ పని మీ ఫోన్ చేసిపెట్టింది, మంచిదే.

కానీ 'జబ్బు' అని ముద్ర వేయడానికి ఒక్క రిపోర్టు చాలదు. ఈజీఎఫ్ఆర్ 60 లోపు మూడు నెలలు అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. ఆ రోజు మీ నాన్నగారు పరీక్షకి ఎలా వెళ్లారు? పొద్దున్నుంచి ఎండలో కొబ్బరికాయలు మోసి, చెమట కారి, నీళ్లు సరిగ్గా తాగకుండా మధ్యాహ్నం వెళ్లి రక్తం ఇచ్చారా? ముందు రోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నారా? వారం రోజుల్లో విరేచనాలు, జ్వరం ఏమైనా వచ్చాయా? వీటిలో ఏది ఉన్నా క్రియాటినిన్ కాస్త పైకి వెళ్తుంది, మళ్లీ దిగుతుంది. ఫొటోలో అవేవీ ఉండవు కదా.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. నొప్పి బిళ్లలు. తోట పని చేసేవాళ్లకి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, రాత్రి పిక్కలు పట్టేయడం మామూలే, సాయంత్రం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకెళ్లి ఒక సూది వేయించుకోవడం, లేదా షాపులో రంగు చెప్పి రెండు బిళ్లలు కొనుక్కోవడం కూడా మామూలే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్న మనిషి ఎండలో పని చేసొచ్చి అవి వేసుకుంటే దెబ్బ రెండింతలు. నా దగ్గరకొచ్చేవాళ్లని 'మందులేమైనా వాడుతున్నావా' అంటే 'లేదండీ' అంటారు, 'ఒళ్లు నొప్పులకి ఏం వేసుకుంటావు' అంటే అప్పుడు జేబులోంచి చీటీ తీస్తారు. బిళ్ల వాళ్ల లెక్కలో మందు కాదు. మీ నాన్నగారిని ఈ రెండో ప్రశ్న అడగండి, ఫోన్లో కాదు, ఇంటికెళ్లినప్పుడు పక్కన కూర్చుని. వేసుకుంటున్నారని తెలిస్తే ఇవాళే ఆపించండి. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోనే ఉంది, ఆ మాట ఏ షాపువాడికీ గుర్తుండదు.

ఇక తిండి. ఉద్దానంలో పుట్టిన మనిషిని కొబ్బరీ జీడిపప్పూ పనసా ముట్టుకోవద్దంటే ఇంకేం మిగులుతుంది! భయం ఎక్కడిదంటే పొటాషియం. ఒక కొబ్బరి బోండాంలో అరటిపండులో కంటే ఎక్కువే ఉంటుంది, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి అది గుండె ఆపేంత ప్రమాదం, నిజమే. కానీ మీ నాన్నగారి రక్తంలో పొటాషియం ఎంతో ఎవరైనా చూశారా? 3.5 నుంచి 5 మధ్య ఉంటే ఈ దశలో కొబ్బరినీళ్లు మానాల్సిన పనిలేదు, రోజుకు నాలుగు బోండాలు కొట్టకపోతే చాలు. పైగా షుగరూ బీపీ లేకుండా వచ్చే ఈ రకం జబ్బే మధ్య అమెరికాలో చెరకు కూలీలకీ వస్తుంది, వాళ్లలో చాలామందికి పొటాషియం తక్కువగా ఉంటుంది. పరీక్ష చేయకుండా ఏదీ ఊహించకూడదు.

ఇక్కడ మీరు గమనించారో లేదో, ఆ చాట్‌బాట్ తన సలహాను తనే కొట్టేసుకుంది. పొటాషియం ఉంటుందని అరటిపండు వద్దంది, అదే నోటితో సోడియం తక్కువ ఉప్పు వాడమంది. ఆ ఉప్పులో సోడియం కొంత తీసేసి దాని బదులు కలిపేదే పొటాషియం క్లోరైడ్. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది చదవండి. మామూలు ఆరోగ్యవంతులకి అది మంచిదే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్లలో అలాంటి ఉప్పు వాడొచ్చని సిఫారసు చేసింది, అయితే గర్భిణులకీ పిల్లలకీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ ఇది వర్తించదని స్పష్టంగా రాసింది. చాట్‌బాట్ మొదటి సగం చదివినట్టుంది. రేపు ఎవరైనా డాక్టర్ టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు మొదలుపెట్టారంటే అది కూడా పొటాషియం పెంచేదే, ఈ ఉప్పుతో కలిస్తే ఇంకా ప్రమాదం. కొనేసి ఉంటే ఆ ప్యాకెట్ నాన్నగారి కూరలో వేయకండి.

ఉప్పు విషయంలో ఏఐ మాట విని ఒకాయన ఆసుపత్రి పాలైన సంగతి 2025 ఆగస్టులో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 60 ఏళ్ల మనిషి, చాట్‌జీపీటీని అడిగాక, వంట ఉప్పు బదులు సోడియం బ్రోమైడ్ తెప్పించుకుని మూడు నెలలు తిన్నాడు. మతి భ్రమించి, పక్కింటివాడు విషం పెడుతున్నాడని చెప్తూ ఆసుపత్రికి వచ్చాడు. అది చదివి 'అమెరికావాడికి బుద్ధి లేదు' అని నవ్వుకోవడం తేలిక, ఇక్కడ మీ నాన్నగారు సగం తిండి మానేశారు.

పప్పు, గుడ్డు సంగతి కూడా చెప్తాను. ఈ దశలో ప్రొటీన్ కిలో బరువుకి రోజుకు 0.8 గ్రాము చొప్పున తీసుకోవచ్చు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. అన్నం, కాస్త పప్పు, వారానికి రెండు మూడుసార్లు చేప తినే కూలిమనిషి చాలాసార్లు ఆ 48 కూడా దాటడు, అందులోంచి ఇంకా కోస్తే కండ కరుగుతుంది. కండ కరిగితే క్రియాటినిన్ కూడా తగ్గి కనిపిస్తుంది, 'చూశారా, డైట్‌తో తగ్గింది' అని సంబరపడతారు. జిమ్ పౌడర్లు, రోజూ కిలో మాంసం లాంటివి వద్దు, అంతే. నిజంగా తగ్గించాల్సింది ఎండుచేపా ఆవకాయా, వాటిలో ఉప్పు. చోడి (రాగి) అంబలి తాగుతారా? తాగనివ్వండి, కాకపోతే దాంట్లో ఉప్పు గుప్పిట్లతో వేయకండి.

డాపాగ్లిఫ్లోజిన్ షుగరుకి వాడే మంచి మందే, షుగరు లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని 2020లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది, ఇప్పుడు జనరిక్ కూడా దొరుకుతుంది కాబట్టి ధర భారం తక్కువ. అయితే ఆ పరిశోధనలో ఉన్నవాళ్లందరికీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది. మీ నాన్నగారికి పోవట్లేదు. పైగా అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, ఎండలో చెమటోడ్చే మనిషికి ఇవ్వాలంటే ఆలోచించి ఇవ్వాలి. అడగడంలో తప్పులేదు, కొనుక్కుని వేసుకోవడంలో ఉంది.

ఏఐ మీద నా అభిప్రాయం అడిగారు. నేను దానికి వ్యతిరేకిని కాదు. స్పెషలిస్టు ముందు రెండు నిమిషాలు కూర్చోవడానికి కవిటి నుంచి విశాఖ దాకా రైల్లో వెళ్లే మనిషికి, రాత్రి పదకొండింటికి విసుక్కోకుండా తెలుగులో జవాబు చెప్పేది ఏదైనా దొరికితే ఎందుకు అడగడు? మా డాక్టర్లం రిపోర్టు చేతికిచ్చి ఏమీ చెప్పకుండా పంపేస్తే జనం ఫోన్‌నే అడుగుతారు, దానికి ఫోన్‌ని తిట్టి లాభం లేదు. రిపోర్టులో పదాలకి అర్థం అడగండి, డాక్టర్‌ని ఏమేం అడగాలో జాబితా రాయించుకోండి. తిండి మార్చడం, మందు మొదలుపెట్టడం, మందు ఆపడం ఈ మూడూ దాని చేతిలో పెట్టకండి. అది మీరు చెప్పిందే చూస్తుంది. పైగా మీరు చెప్పనిది ఏముందో అడగకుండానే జవాబు గట్టిగా చెప్పేస్తుంది, నన్ను భయపెట్టేది ఆ గట్టితనమే. ఇంకో మాట, ఫొటో పెట్టేటప్పుడు పేరు, ఫోన్ నంబరు ఉన్న పైభాగం కత్తిరించి పెట్టండి.

ఇక నీళ్లొచ్చినా, ఆసుపత్రి వచ్చినా ఎందుకు ఆగట్లేదన్నారు. 2023 డిసెంబర్ 14న ఒకే రోజు రెండూ మొదలయ్యాయి, హిరమండలం నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే రూ.700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి. రెండూ కావాల్సినవే, ఎవరు కట్టారన్న గొడవలోకి నేను పోను. కానీ ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా కిడ్నీని తినే జబ్బు, పోయిన వడపోత గొట్టాలు తిరిగి మొలవవు, నీళ్లు మారిన మరుసటేడు కేసులు తగ్గాలనుకుంటే కుదరదు. రెండోది, నీళ్లే కారణమని ఎవరూ తేల్చలేదు. నేలలోని సిలికా, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పి బిళ్లలు, వంశంలో వచ్చే గుణం, వీటన్నిటి మీదా అనుమానాలున్నాయి, బహుశా ఒక్కటి కాదు. నికరాగువా చెరకు తోటల్లో కూలీలకి నీడ, గంట గంటకీ విశ్రాంతి, తాగడానికి నీళ్లు ఏర్పాటు చేశాక కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని అక్కడి అధ్యయనాల్లో కనిపించింది. మన దగ్గర పైపులైన్ గురించి మాట్లాడినంతగా మిట్టమధ్యాహ్నం పని గురించి ఎవరూ మాట్లాడరు. 2018 తిత్లీ తుపానుకి తోట పోగొట్టుకుని పొరుగు ఊళ్లలో కాంక్రీటు పనికి వెళ్లినవాళ్ల సంగతి అసలే ఎవరికీ పట్టలేదు.

నన్నడిగితే ప్రభుత్వం చేయాల్సిన చవకైన పని ఒకటుంది. క్రియాటినిన్ చేసే ప్రతి ల్యాబూ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, పక్కనే ఈజీఎఫ్ఆర్ అచ్చు వేసి తీరాలని ఒక ఉత్తర్వు. కంప్యూటర్‌లో ఒక్క లెక్క, ఖర్చు లేదు. పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లు కోట్లమందికి ఇచ్చారు, మంచిదే, కానీ ఆ నంబరు కింద నిరుటి క్రియాటినిన్ కనపడకపోతే మాకు దాంతో పనేముంది? జబ్బు ముదురుతోందా లేదా అన్నది రెండు అంకెల మధ్య తేడా చెప్తుంది. డయాలసిస్ పడకలు పెంచడం కనిపించే పని, ఫొటో పడుతుంది. 51 దగ్గర ఉన్న మనిషిని 51 దగ్గరే ఆపడం ఎవరికీ కనిపించదు.

మీరు చేయాల్సింది ఇదీ. రెండు వారాలాగి, నొప్పి బిళ్లలు పూర్తిగా ఆపాక, ముందు రోజు ఎండ పని, మాంసం లేకుండా, పొద్దున్నే నీళ్లు తాగి వెళ్లి అదే ల్యాబులో క్రియాటినిన్ మళ్లీ చేయించండి. దాంతోపాటు సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, యూరిక్ యాసిడ్, మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్), క్రియాటినిన్‌ల నిష్పత్తి, ఒకసారి కడుపు స్కానింగ్. మూత్రంలో ప్రొటీన్ లేదన్న మాటతో ధైర్యపడకండి, ఉద్దానం రకం జబ్బులో చాలాకాలం అది కనపడదు, బీపీ కూడా మామూలుగానే ఉంటుంది. కాళ్ల వాపు లేకపోతే నీళ్లు తగ్గించొద్దు, పనిలో ఉన్నప్పుడు దాహం వేసేదాకా ఆగొద్దు, అలాగని పందెం వేసి ఐదు లీటర్లు తాగక్కర్లేదు. మూడు నెలలకి మళ్లీ ఒకసారి పరీక్ష. ఈ లోపల మూత్రం బాగా తగ్గినా, ఆయాసం, వాంతులు, ముఖం వాపు వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో తిరిగే 'కిడ్నీ శుద్ధి' పొడులు ఇంట్లోకి రానివ్వకండి, ఏ ఆకు ఎండబెట్టి కొట్టారో వాడికే తెలీదు, కొన్ని మూలికల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని నేరుగా పాడుచేస్తుంది.

ఆ పక్కనే మీ అమ్మగారికీ, పాతికేళ్లు దాటిన మీ అన్నదమ్ములకీ, మీకూ క్రియాటినిన్ ఒకసారి చేయించండి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉండటం మీ వైపు కొత్త కాదు. ఆ రిపోర్టులు వచ్చాక ఫొటో తీసి పంపండి, పైభాగం కత్తిరించే.