శ్రీలంక సర్టిఫికెట్ చేతిలో ఉంటే సరిపోదు: కస్టమ్స్ లేఖకు పది పనిదినాలే గడువు

ప్రశ్న: విజయవాడలో మాది కరెంటు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. ఏడాదిన్నరగా కొలంబోలోని ఒక ఫ్యాక్టరీ నుంచి పీవీసీ కేబుళ్లు తెప్పిస్తున్నాం. భారత్–శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా ఆరుసార్లు సరుకు విడిపించుకున్నాం. ఏడోసారి వచ్చిన రెండు కంటెయినర్లు చెన్నై రేవులో ఆగిపోయాయి. కేబుళ్ల తయారీ వివరాలు, ముడిసరుకుల లెక్క ఇవ్వాలంటూ ఈ నెల 4న, బుధవారం, కస్టమ్స్ ఈమెయిల్ పంపింది. ‘ఇవన్నీ మామూలే, నేను చూసుకుంటా’ అన్నారు మా బ్రోకర్. నాన్నగారి ఆపరేషన్ హడావుడిలో నేనూ పట్టించుకోలేదు. ఇవాళ 13వ తేదీ. ఇల్లు తాకట్టు పెట్టి తెప్పించిన సరుకు, రోజూ అద్దె పెరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. సరుకు అక్కడే తయారైందంటూ శ్రీలంక ప్రభుత్వ వాణిజ్య శాఖ ఇచ్చిన సర్టిఫికెట్‌ను మనవాళ్లు ఎలా అనుమానిస్తారు? ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడం కాదా? ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)కు వెళ్లవచ్చా? పూర్తి సుంకం కట్టి సరుకు తీసుకుని తర్వాత రీఫండ్ అడుగుదామని బ్రోకర్ అంటున్నారు. ఎగుమతిదారేమో ‘కావాలంటే కాస్ట్ షీట్ మార్చి పంపుతా’ అంటున్నాడు. ఏం చేయమంటారు? నాణ్యతా ప్రమాణాల (బీఐఎస్) విషయంలో అభ్యంతరమేమీ లేదు. కాస్ట్ షీట్ జతచేశాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిన దాంట్లో మీ కేసును తేల్చేది ఒక్కటే మాట. అది మీరు జతచేసిన కాస్ట్ షీట్‌లో మూడో వరుసలో, పీవీసీ కాంపౌండ్ ఎదురుగా ఉంది: ‘లోకల్ పర్చేజ్’.

దానికంటే ముందు గడువు సంగతి. మీకు వచ్చింది మామూలు ఉత్తరం కాదు. వాణిజ్య ఒప్పందాల కింద సుంకం రాయితీ కోరే సరుకు నిజంగా ఏ దేశానిదో (మూలదేశం) తేల్చడానికి 2020 సెప్టెంబర్ 21 నుంచి అమల్లో ఉన్న కేరోటార్ నిబంధనల్లో 5వ నియమం కింద అడిగిన సమాచారం అది. అడిగిన తేదీ నుంచి పది పనిదినాల్లో ఇవ్వాలి. మీరు ఈమెయిల్ తెరిచి చూసిన రోజు నుంచి కాదు, వాళ్లు అడిగిన రోజు నుంచి. శని, ఆదివారాలు తీసేస్తే గడువు 18వ తేదీ బుధవారంతో ముగుస్తుంది. మధ్యలో ప్రభుత్వ సెలవు ఉంటేనే ఒక రోజు కలిసొస్తుంది. మీరు నాకు రాసిన సాయంత్రానికి మిగిలింది మూడు పనిదినాలు. తొమ్మిది రోజులు ఆ లేఖను బ్రోకర్ మీద వదిలేయడం మీ తప్పే. దిగుమతి సరుకు విడుదలకు కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో ‘ఈ సరుకు మూలదేశ నిబంధనలకు తగినట్టే ఉంది’ అన్న ప్రకటన మీ పేరు మీద వెళ్లింది. కస్టమ్స్ చట్టం 28డీఏ సెక్షన్ ప్రకారం ఆ ప్రకటన చేసే నాటికే దానికి ఆధారమైన సమాచారం దిగుమతిదారు దగ్గర ఉండాలి, తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి. సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇప్పుడు చట్టంలో ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్’కు బదులు ‘ప్రూఫ్ ఆఫ్ ఆరిజిన్’ అన్న మాట వచ్చింది. మాట మారినా మీ బాధ్యత మారలేదు. కాబట్టి ‘వాళ్ల ప్రభుత్వమే ఇచ్చింది కదా’ అన్న వాదన మిమ్మల్ని కాపాడదు.

ఇక లెక్క చూద్దాం. ఓడ ఎక్కించే నాటి ధర, అంటే ఎఫ్‌ఓబీ, 100 డాలర్లు అనుకుంటే మీ షీట్‌లో దిగుమతి చేసుకున్న రాగి 58, పీవీసీ కాంపౌండ్ 9, కూలి, కరెంటు, ప్యాకింగ్, లాభం కలిపి 33. పీవీసీని స్థానిక సరుకుగా కలుపుకుని ‘శ్రీలంక విలువ 42 శాతం’ అని కింద రాశారు. ఒప్పందం నియమం ఏమిటంటే, మూడో దేశాల సరుకు, *ఎక్కడిదో తేలని సరుకు* రెండూ కలిపి ఎఫ్‌ఓబీలో 65 శాతం మించకూడదు. కొలంబో దుకాణంలో కొన్నంత మాత్రాన అది శ్రీలంక సరుకు అయిపోదు. ఆ దుకాణదారు చైనా నుంచి తెచ్చి ఉండొచ్చు, థాయిలాండ్ నుంచి తెచ్చి ఉండొచ్చు. రుజువు లేకపోతే ఆ 9 డాలర్లు విదేశీ ఖాతాలోకే పోతాయి. 58కి 9 కలిపితే 67. రెండు డాలర్ల తేడాతో మీ రాయితీ మొత్తం పోతుంది.

ఆ కాంపౌండ్ శ్రీలంకలోనే నిబంధనల ప్రకారం తయారైందని రుజువైతే మీ 42 నిలబడుతుంది. అది మన దేశంలో తయారై అక్కడికి వెళ్లిందైనా మీరు గట్టెక్కుతారు. రెండు దేశాల విలువనూ కలుపుకోవడానికి ఒప్పందం ఒప్పుకుంటుంది: ఎగుమతి చేసే దేశంలో కనీసం 25 శాతం, రెండు దేశాలదీ కలిపి కనీసం 35 శాతం ఉండాలి. మీ లెక్కలో శ్రీలంకది 33, మనది 9, మొత్తం 42. కానీ మన దేశం నుంచి వెళ్లినంత మాత్రాన చాలదు, అది మన దేశపు సరుకే అయి ఉండాలి. విదేశీ కాంపౌండ్‌ను ఇక్కడి వర్తకుడు తిరిగి ఎగుమతి చేసి ఉంటే ఈ లెక్క పనికిరాదు.

టారిఫ్ హెడ్డింగ్ మార్పు గురించి, అంటే విదేశీ ముడిసరుకుల కస్టమ్స్ కోడ్, తయారైన సరుకు కోడ్ వేరువేరుగా ఉండాలన్న షరతు గురించి, మీరు ఆందోళన పడక్కర్లేదు. రాగి తీగ 7408, పీవీసీ 3904, కేబుల్ 8544. నాలుగంకెల స్థాయిలో మారింది కాబట్టి ఆ షరతు తీరినట్టే.

మీరు గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. ఆ షీట్ మీద ఉన్నది నిరుటి తేదీ. ఏడు సరుకులకూ అదే షీట్ చూపిస్తామంటే కుదరదు. రాగి ధర పెరిగి, కేబుల్ ధర అంతే ఉంటే విదేశీ వాటా దానంతటదే పెరుగుతుంది. ప్రతి సరుకుకూ ఆ బ్యాచ్‌లో వాడిన రాగి దిగుమతి విలువ విడిగా కావాలి. పైగా ఈ ఒప్పందం 2000 మార్చిలో అమల్లోకి వచ్చిన తొలి ఏళ్లలో శ్రీలంక నుంచి రాగి, వనస్పతి వెల్లువెత్తినప్పుడు రెండు దేశాల మధ్య తగవు వచ్చింది సరిగ్గా ఈ విలువ జోడింపు దగ్గరే. రాగి ఉన్న సరుకును కస్టమ్స్ రెండోసారి తిరగేసి చూస్తుందంటే అందుకు కారణం ఉంది.

డబ్ల్యూటీవో మాట మరిచిపోండి. అక్కడికి వెళ్లగలిగేవి సభ్య ప్రభుత్వాలే, వ్యాపారులు కాదు. ఒప్పందం అర్థం మీద వివాదం వచ్చినా దాన్ని రెండు ప్రభుత్వాలు సంప్రదింపుల్లో, సంయుక్త కమిటీలో తేల్చుకోవాలి. మూలదేశాన్ని తనిఖీ చేయడం ఒప్పందాన్ని ఉల్లంఘించడం కూడా కాదు.

ఇప్పుడు మీకు చూపించిన రెండు అడ్డదారులు. ‘కాస్ట్ షీట్ మార్చి పంపుతా’ అన్న ఎగుమతిదారు మాటకు ఒప్పుకోకండి. ఆ సంగతి వాట్సాప్‌లో కూడా చర్చించకండి. మామూలుగా తక్కువ పడిన సుంకం అడగడానికి కస్టమ్స్‌కు 28వ సెక్షన్ కింద రెండేళ్లే గడువు. కావాలని తప్పు చెప్పారని తేలితే అది ఐదేళ్లవుతుంది. 114ఏ కింద సుంకంతో సమానమైన జరిమానా పడుతుంది. తెలిసి తప్పుడు పత్రం వాడితే 114ఏఏ కింద సరుకు విలువకు ఐదు రెట్ల వరకు జరిమానా వేయవచ్చు, 132వ సెక్షన్ కింద క్రిమినల్ కేసూ పెట్టవచ్చు. ఇప్పటికి మీది అజాగ్రత్త. ఆ షీట్ దాఖలు చేసిన క్షణం నుంచి అది మోసం. నిజమైన పొరపాటు ఉంటే దిద్దాల్సింది శ్రీలంక వాణిజ్య శాఖ. ఎగుమతిదారు కలంతో కొట్టివేసి రాసి, ఆ శాఖ ధ్రువీకరణ లేకపోతే సర్టిఫికెట్‌ను తనిఖీకి కూడా పంపకుండానే తిరస్కరించవచ్చు.

బ్రోకర్ చెప్పిన రీఫండ్ దారి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది నిజాయితీగానే కనిపిస్తుంది. రాయితీ కోరడం మానేసి మీరే పూర్తి సుంకం లెక్కకట్టి కడితే, అది మీరే చేసుకున్న అసెస్‌మెంట్ (సుంకం నిర్ధారణ). ఆ అసెస్‌మెంట్ అప్పీలులోనో, చట్టం చూపిన మరో పద్ధతిలోనో మారితే తప్ప రీఫండ్ దరఖాస్తు చెల్లదని 2019 సెప్టెంబర్‌లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి ‘ముందు కడదాం, తర్వాత అడుగుదాం’ అంటే రాయితీని వదిలేసుకున్నట్టే. గత్యంతరం లేక కట్టాల్సి వస్తే అభ్యంతరంతో కడుతున్నామని రాతపూర్వకంగా చెప్పి, కస్టమ్స్ చట్టం 17(5) సెక్షన్ కింద కారణాలతో కూడిన ఉత్తర్వు అడగండి. తిరిగి అసెస్ చేసిన 15 రోజుల్లో అది ఇవ్వాలి. దాని మీద అప్పీలు వేయొచ్చు.

సరుకు విడిపించుకోవడానికి సరైన దారి ఇది. సోమవారం, 16న ఉదయమే అధికారికి ఈమెయిల్ పంపండి, కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. కేరోటార్ నిబంధనల్లోని ఫారం-1 నింపండి. దానికి ఈ సరుకు తాలూకు ఇన్‌వాయిస్, రాగి శ్రీలంకకు దిగుమతైనప్పటి కస్‌డెక్ (అక్కడి కస్టమ్స్ ప్రకటన) పత్రం, ఉత్పత్తి దశల వివరం జతచేయండి. పీవీసీ పత్రాలు ఇంకా రాకపోతే రాలేదని, ఫలానా తేదీకి ఇస్తామని రాయండి. సగం జవాబు మౌనం కంటే వెయ్యి రెట్లు నయం. ధరలు తన వ్యాపార రహస్యమని ఎగుమతిదారు మొండికేస్తే, ఆ నిరాకరణను ఈమెయిల్‌లో తీసుకుని జతచేసి, 6వ నియమం కింద శ్రీలంక అధికారుల ద్వారా తనిఖీ చేయించమని మీరే కోరండి. అక్కడి ప్రభుత్వానికి అతను లెక్క చూపక తప్పదు.

అదే లేఖలో 18వ సెక్షన్ కింద తాత్కాలిక అసెస్‌మెంట్ చేసి, 28డీఏ ప్రకారం పూచీకత్తు మీద సరుకు విడుదల చేయమని అడగండి. ఇది మీరు అడిగితేనే దొరుకుతుంది. పూర్తి సుంకానికీ రాయితీ సుంకానికీ ఉన్న తేడా మొత్తానికి పూచీ ఇవ్వాలి. బ్యాంకు గ్యారంటీకి మీ బ్యాంకుతో ఇవాళే మాట్లాడండి. ఈ తేడాలో బేసిక్ సుంకం, దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, పెరిగిన విలువ మీద ఐజీఎస్టీ ఉంటాయి. ఐజీఎస్టీ మీకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది, మొదటి రెండూ రావు. నష్టం లెక్క వేసుకునేటప్పుడు ఆ రెండే చూడండి. గ్యారంటీ ఆలస్యమైతే 49వ సెక్షన్ కింద సరుకును గిడ్డంగిలోకి మార్చడానికి అనుమతి అడగండి. మొదట 30 రోజులు ఇస్తారు.

పాత ఆరు సరుకుల గురించి మీరు అడగలేదు. నాకు అసలు భయం అక్కడే. మొదటిది విడుదలై ఏడాదిన్నరే కనుక ఆరూ రెండేళ్ల గడువులోనే ఉన్నాయి. పీవీసీ విదేశీదేనని మీ విచారణలో తేలితే నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. నోటీసుకు ముందే తేడా సుంకం, దాని మీద ఏడాదికి 15 శాతం వడ్డీ మీరే కట్టి రాతపూర్వకంగా తెలియజేస్తే, మోసం లేని కేసుల్లో ఆ మొత్తానికి నోటీసు, జరిమానా లేకుండా ముగుస్తుంది. మరోవైపు, ఈ ఏడో సరుకు తనిఖీలో విఫలమైతే అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చే అదే రకం సరుకుకు రాయితీని నేరుగా నిరాకరించే అధికారం కస్టమ్స్‌కు ఉంది. అది తేలేదాకా ఎనిమిదో ఆర్డరు పెట్టకండి. ఏడు సరుకుల పత్రాలూ బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీ నుంచి ఐదేళ్లు భద్రంగా ఉంచాలి.

రాయితీని తిరస్కరిస్తూ కింది స్థాయి అధికారి ఉత్తర్వు ఇస్తే, అది అందిన 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) ముందు అప్పీలు వేయాలి, వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందే కట్టాలి. బలమైన కారణం ఉంటే మరో 30 రోజులు. 91వ రోజున ఎంత కన్నీళ్లు పెట్టుకున్నా ఆ గడువును పొడిగించే అధికారం కమిషనర్‌కు లేదు. ఉత్తర్వు వచ్చిన కవరు పారేయకండి, అందిన తేదీకి అదే రుజువు.

ఎగుమతిదారు మీద మీకు విడిగా హక్కు ఉంది. తప్పు లెక్కతో సర్టిఫికెట్ తీసుకుని మీకు నష్టం చేస్తే, అతనితో మీకున్న కొనుగోలు ఒప్పందం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లలో పరిహారం కోరవచ్చు. రెండు దేశాల వ్యాపార సంస్థల మధ్య తగవులను ముందుగా ఇరు దేశాల వాణిజ్య మండళ్ల ద్వారా రాజీకి, కుదరకపోతే మధ్యవర్తిత్వానికి పంపే ఏర్పాటు ఈ వాణిజ్య ఒప్పందంలోనే ఉంది. కానీ అతనితో పేచీ తర్వాత, ముందు పత్రాలు. ఈ రాత్రే అతనికి రాయండి: పీవీసీ అమ్మిన దుకాణదారు పేరు, కొన్న బిల్లు, దాని తయారీదారు ఇచ్చిన మూలదేశ పత్రం, దిగుమతైనదైతే కస్‌డెక్ కాపీ, ఈ నాలుగూ 17వ తేదీ మధ్యాహ్నంలోపు చేరాలని.