కోట తోరణం స్టాంపు వేలంలో ఎందుకు కనబడట్లేదు?

ప్రశ్న: మా తాత ట్రంకు పెట్టెలో ఓరుగల్లు కోట తోరణం బొమ్మ ఉన్న నిజాం కాలం స్టాంపు చూసిన గుర్తు. ఆ పెట్టె ఇప్పుడు లేదు. ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో నెల నుంచి ‘కాకతీయ తోరణం’ అని ఇంగ్లీషులో వెతుకుతున్నా, ఒక్కటీ రావట్లేదు. ఎట్లా వెతకాలి?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: స్టాంపు ఉంది సార్, కానీ అక్కడ దాని పేరు వేరు. మీరు చూసింది 1947లో హైదరాబాద్ సంస్థానం వేసిన మూడణాల స్టాంపు అయి ఉంటుంది, గోల్కొండ కోట బొమ్మతో ఆరణాలది కూడా ఆ వరుసలోదే. పాత స్టాంపు కేటలాగుల్లో మన తోరణాన్ని ‘కాక్త్యాయ్ ఆర్చ్’ అని అచ్చేశారు, స్పెల్లింగు కె, ఏ, కె, టి, వై, ఏ, ఐ. అమ్మేవాళ్లలో చాలామంది ఎక్కడో విదేశాల్లో ఉంటారు, ఖిలా వరంగల్ ఎప్పుడూ చూసి ఉండరు, కేటలాగులో ఉన్న అక్షరాలే దించేస్తారు. కాబట్టి ముందు ఆ తప్పు స్పెల్లింగుతోనే వెతకండి. నాకైతే ఆ పేరు తప్పు పడినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కొందరు ఆ పేరు కూడా రాయరు. ‘హైదరాబాద్ 1947’, ‘డెక్కన్’, ‘ఇండియన్ స్టేట్స్’ అని ఒక్కోటీ విడిగా కొట్టి చూడండి. నాణేలు, నోట్లు అడ్డం వస్తుంటే ఆ మాటల ముందు మైనస్ గుర్తు పెడితే పోతాయి. అన్నిటికన్నా ఓపికగా చూడాల్సినవి మాత్రం ‘లాట్’, ‘కలెక్షన్’ అని గుత్తగా అమ్మేవి, ఎందుకంటే వాటిలో ఏ స్టాంపుకూ పేరుండదు, ఫొటో పెద్దది చేసి ఒక్కో వరుస కళ్లతో వెతుక్కోవాల్సిందే, తోరణం అక్కడే దొరకొచ్చు. ఈ వెతుకులాటలన్నీ సేవ్ చేసి పెట్టుకుంటే కొత్తది రాగానే మెయిల్ వస్తుంది.

ధరకు మాత్రం అమ్మేవాడు అడిగే రేటు చూడొద్దు, ‘సోల్డ్ ఐటమ్స్’ నొక్కి నిజంగా ఎంతకు పోయిందో చూడండి. పోస్టేజీ కలుపుకుని మీ గరిష్ఠ ధర ముందే కాగితం మీద రాసుకుని, వేలం ముగిసే చివరి నిమిషంలో ఒక్కసారే వేయండి. ముందే వేస్తే పోటీవాళ్లకు పెంచుకునే టైం ఇచ్చినట్టే. వెనకవైపు ఫొటో లేకపోతే అడగండి, జిగురు పోయిందో కాగితం పలచబడిందో తెలిసేది అక్కడే.