టర్కిష్ ఎయిర్‌లైన్స్ షేర్లలో పాప ఫీజు డబ్బులు పెట్టొచ్చా?

విజయవాడ నుంచి ఒకాయన రాశారు. వాళ్ళబ్బాయి జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాడు, పోయినసారి భార్యాభర్తలిద్దరూ ముంబై నుంచి ఇస్తాంబుల్ మీదుగా టర్కిష్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్ళొచ్చారట, ఆ సర్వీసు, ఆ ఎయిర్‌పోర్టు సైజు, ఎటు చూసినా వాళ్ళ విమానాలే బారులు తీరి ఉండటం బాగా నచ్చేసింది. ఇప్పుడు 6 లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అయింది, అది పాప బీటెక్ ఫీజుల కోసం దాచింది, ఇంకో రెండేళ్ళలో కట్టడం మొదలవుతుంది. "మా అబ్బాయి ఫ్రెండ్ ఆ కంపెనీ షేరు చార్ట్ చూపించాడు, చాలా రెట్లు పెరిగింది, 6 లక్షలూ అందులో పెడదామనుకుంటున్నా, మీరేమంటారు?" అని ప్రశ్న.

సార్, ముందే చెప్పేస్తున్నా, ఆ 6 లక్షలు మాత్రం అందులో పెట్టకండి. కంపెనీ మంచిది కాదని కాదు, నిజానికి చాలా గట్టి కంపెనీ. 1933లో 5 విమానాలతో ప్రభుత్వ సంస్థగా మొదలైంది, ఇప్పుడు 2024 లెక్కల ప్రకారం ఏడాదికి 8.5 కోట్ల మంది ప్యాసింజర్లు, 2270 కోట్ల డాలర్ల ఆదాయం, ఒక్క ఏడాదిలో 120 దేశాలకి ఎగిరి గిన్నిస్ రికార్డు కూడా కొట్టారు. దీని వెనకున్న అసలు బలం ఏంటంటే ఊరు ఉన్న చోటు. మీకు తేలిగ్గా అర్థమవుతుంది, ఉత్తరాది నుంచి దక్షిణాదికి పోయే బళ్ళకి మన బెజవాడ జంక్షన్ ఎలాగో, యూరప్‌కీ ఆసియాకీ ఆఫ్రికాకీ మధ్యలో ఇస్తాంబుల్ అలాగన్నమాట. అక్కడినుంచి యూరప్ మొత్తం, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా అన్నీ చిన్న విమానాలకి అందే దూరంలోనే ఉంటాయి, అంటే బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ321 లాంటి వాటితోనే రోజూ బోలెడు ఊళ్ళకి తిప్పొచ్చు, పెద్ద విమానం నింపాల్సిన టెన్షన్ లేదు. గల్ఫ్ కంపెనీలు ఎక్కువగా పెద్ద విమానాల మీద ఆధారపడతాయి కాబట్టి వాళ్ళకి చిన్న ఊళ్ళు అంత సులువు కాదు. 2019 ఏప్రిల్‌లో పాత అతాతుర్క్ ఎయిర్‌పోర్టు నుంచి సామానంతా లారీల్లో ఎక్కించి రెండు రోజుల్లోపే కొత్త ఎయిర్‌పోర్టుకి మారిపోయారు, మీరు చూసింది అదే. చౌక టికెట్ల కోసం ఏజెట్ అని వేరే కంపెనీ పెట్టారు, పెగాసస్ అనే ప్రైవేటు కంపెనీతో దానికి గట్టి పోటీ.

ఇక మీకు చూపించిన చార్ట్ సంగతి. అది టర్కీ కరెన్సీ లీరాల్లో గీసిన చార్ట్ అండి, ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. 2021 మొదట్లో ఒక లీరా అంటే మన డబ్బుల్లో పది రూపాయలకి కొంచెం తక్కువ, 2024 చివరికి వచ్చేసరికి అదే లీరా రెండున్నర రూపాయల లోపుకి పడిపోయింది. అంటే 2021లో 100 లీరాలున్న ఏదో ఒక షేరు నాలుగేళ్ళలో 400 లీరాలైంది అనుకోండి, చార్ట్‌లో నాలుగు రెట్లు కనిపిస్తుంది కానీ మీరు అమ్మి రూపాయల్లోకి మార్చుకుంటే పెట్టిన 980 రూపాయలకి చేతికి అటూఇటుగా 970 వస్తుంది. లాభం సున్నా. 2022 అక్టోబరులో అక్కడ ధరల పెరుగుదల 85 శాతం దాటింది, 2024లో చాలా నెలలు వాళ్ళ సెంట్రల్ బ్యాంకు వడ్డీ రేటు 50 శాతం, అలాంటి చోట షేరు ఏడాదికి 20 శాతం పెరిగితే పెరిగినట్టు కాదు.

అయితే న్యాయంగా చెప్పాలి కదా, ఈ షేరు డాలర్లలో చూసినా పెరిగింది, ఎందుకంటే వాళ్ళ ఆదాయంలో ఎక్కువ భాగం డాలర్లు, యూరోల్లో వస్తుంది, లీరా పడినా టికెట్ రేటు పడదు. కానీ మీ చార్ట్ ఎక్కడ మొదలైందో ఒకసారి చూడండి, కరోనా అడుగు నుంచి. 2020లో ప్యాసింజర్లు 7.4 కోట్ల నుంచి 2.8 కోట్లకి పడిపోయి 83.6 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది, ఆదాయం సగమైపోయింది, ఆ ఏడాది వాళ్ళని నిలబెట్టింది చాలావరకు కార్గోనే. అడుగు నుంచి లేచిన పరుగు మళ్ళీ అంతే వస్తుందని ఎవరూ చెప్పలేరు, నేనైతే అస్సలు చెప్పను.

ఇంకోటి, ఇందులో 49.12 శాతం టర్కీ ప్రభుత్వ సంపద నిధి చేతిలో ఉంది, దానికి తోడు ప్రత్యేక హక్కులున్న ఒక్క షేరు ప్రభుత్వం దగ్గరే పెట్టుకుంది. సర్కారు మాట చెల్లే కంపెనీ అనే లెక్కలోనే చూడాలి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత మన దగ్గర టర్కీ బాయ్‌కాట్ నడిచింది, టర్కిష్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఇండిగో లీజుకి తీసుకున్న విమానాలకి మన విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ గడువు పెట్టింది. వాళ్ళ బిజినెస్‌లో ఇండియా వాటా చిన్నదే గానీ విమానాల వ్యాపారంలో రాజకీయం ఎంత త్వరగా దూరుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ దేశం కంపెనీలో పెట్టాలా వద్దా అనేది మీ మనసుకి సంబంధించింది, దాని జోలికి నేను పోను.

అసలు ఎయిర్‌లైన్ అంటేనే రిస్కు సార్. టర్కీలోనే అట్లాస్ గ్లోబల్ 2020లో మూతపడింది, మన జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయింది, మీ విజయవాడలోనే పుట్టిన ఎయిర్ కోస్టా మీకు గుర్తుండే ఉంటుంది, 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. రెండేళ్ళలో ఫీజు కట్టాల్సిన డబ్బు ఇలాంటి చోట ఉంటే, ఆ టైముకి షేరు 40 శాతం కింద ఉంటే పాప కాలేజీ వాళ్ళు ఆగుతారా?

అందుకని ఆ 6 లక్షలు మళ్ళీ ఎఫ్‌డీలోనే వేయండి, కాకపోతే రెండు బ్యాంకుల్లో మూడేసి లక్షలు, ఎందుకంటే ఒక బ్యాంకులో అసలు వడ్డీ కలిపి 5 లక్షల వరకే ఇన్సూరెన్స్. మెచ్యూరిటీ డేట్లు ఫీజు కట్టే నెలకి ఒక నెల ముందు పడేలా చూసుకోండి.

ఇంకా మనసు లాగుతుంటే, పోయినా పర్లేదు అనుకునే వేరే డబ్బు 30, 40 వేలు ఉంటే అప్పుడు చూద్దాం. ఇస్తాంబుల్ ఎక్స్ఛేంజ్ మనం రోజూ వాడే యాప్స్‌లో దొరకదు, అమెరికాలో టర్కీ షేర్ల ఈటీఎఫ్ (చాలా షేర్లు కలిపి ఒకే షేరులా కొనుక్కునే ఫండు) ఒకటుంది, అందులో ఈ కంపెనీ పెద్ద వాటాల్లో ఒకటి, మీ బ్రోకర్ దగ్గర ఉందేమో కనుక్కోండి. డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ స్కీము) కింద పంపాలి, ఏడాదికి 10 లక్షల లోపైతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే ట్యాక్స్) పడదు, 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం ట్యాక్స్, అంతకు ముందైతే మీ స్లాబ్ ప్రకారం. ఎంత చిన్న మొత్తమైనా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి, ఇది చాలామంది మర్చిపోతున్నారు, కొనే ముందే మీ ఆడిటర్ గారికి ఒక మాట చెప్పి పెట్టండి.