మొహమాటానికి నెలకు మూడున్నర శాతం

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటాను, వయసు 38. అక్క నెల్లూరులో, తమ్ముడు బెంగళూరులో. పెళ్ళిళ్ళయ్యాక ముగ్గురమే కలిసి తిరిగింది లేదని ఈమధ్య శుక్ర, శని, ఆదివారాలు చెన్నైలోనే గడిపాం. మా ఇంట్లో ఉంటే అక్క వంటింట్లోకే పోతుందని టీ నగర్‌లో హోటల్ తీసుకున్నాం. ఖర్చు 37,000. అక్క తన కూతురికి కొన్న గొలుసు 48,000, ‘నువ్వు గీకు, ఊరెళ్ళి పంపిస్తా’ అంది. అంతా నా క్రెడిట్ కార్డు మీదే. అక్క పదేళ్ళలో ఇంత హాయిగా లేనంటోంది, డబ్బు మాత్రం ఇప్పుడు సర్దలేనంటోంది. తమ్ముడికి మహాబలిపురం, పొట్టి శ్రీరాములు గారి ఇల్లు తప్ప ఏదీ నచ్చలేదు. ఏసీ సరిగా పనిచేయని గది, మూసున్న మ్యూజియం, రంగనాథన్ వీధిలో తోపులాట, దీనికా ఇంత అని సగం వాటాయే ఇస్తానంటున్నాడు. బిల్లులో కనీస మొత్తం 4,250 కట్టాను. మిగతాది ఈఎంఐ చేయించనా, గొలుసు వెనక్కిచ్చేయమననా? 1,20,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. గట్టిగా అడిగితే ఏమనుకుంటారో.

జవాబు: ముందు కార్డు సంగతి చూద్దాం. అక్కా తమ్ముడూ ఆగుతారు, అది ఆగదు.

కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము పడదు, అంతవరకే. వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, మీరు కార్డు గీకిన రోజు నుంచే లెక్కగడతారు. పాత బాకీ ఉన్నన్నాళ్ళూ ఈరోజు కొన్న పాల ప్యాకెట్టుకు కూడా వడ్డీ లేని గడువు దొరకదు. మీ కార్డు రేటు స్టేట్‌మెంట్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా కార్డులకు నెలకు 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ లెక్కే వేస్తున్నాను. మిగిలిన 80,750 మీద నెలకు 2,826 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 509, కలిపి 3,335. అంటే మళ్ళీ 4,250 కట్టినా అసలులో తగ్గేది తొమ్మిది వందల చిల్లర. ఏమనుకుంటారో అని మీరు నోరు మెదపని ప్రతి నెలకూ ఇదీ ఖరీదు. మొహమాటం మీద మనవాళ్ళ సామెత ఒకటుంది, ఇక్కడ రాయలేను గానీ మీకు తెలిసే ఉంటుంది.

ఎఫ్‌డీని మీరు విరగ్గొట్టక్కర్లేదు, దాని మీద లోన్ తీసుకోండి. మామూలుగా 90 శాతం దాకా ఇస్తారు, అంటే మీకు 1,08,000 వరకు. వడ్డీ మీ ఎఫ్‌డీ రేటుకు ఒకటి, రెండు శాతం పైన ఉంటుంది. కార్డు బాకీ వడ్డీతో కలిపి 84,000 అయిందనుకుందాం. తొమ్మిది శాతం చొప్పున చూసినా నెలకు 630. అక్కడ 3,335, ఇక్కడ 630. పైగా ఎఫ్‌డీకి రావలసిన వడ్డీ దానికి వస్తూనే ఉంటుంది. ఒక్క మెలిక: అది పన్ను మినహాయింపు కోసం ఐదేళ్ళకు వేసినదైతే లోన్ ఇవ్వరు. అప్పుడు తమ్ముణ్ణి చేబదులు అడగడమే దారి.

ఈఎంఐ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బంగారు నగల కొనుగోలును కార్డు ఈఎంఐగా మార్చరు, కాబట్టి సగానికి పైగా బాకీకి ఆ దారే లేదు. గొలుసు వెనక్కిస్తే తరుగు, మజూరి, 3 శాతం జీఎస్టీ రాలిపోతాయి. ఉంచుకోమనండి.

ఇక తమ్ముడు. నచ్చినదాన్ని బట్టి వాటాలు వేసుకునేట్టయితే, అంత సంబరపడినందుకు అక్క రెండు వాటాలు కట్టాలి! ఇడ్లీ గట్టిగా ఉందని బిల్లు సగం కట్టి లేస్తామా? అయినా అతని సణుగుడులో డబ్బుకు సంబంధించిన మాట ఒకటుంది, అది గది. మీరు పంపిన బిల్లు చూశాను. రెండు గదులు, రెండు రాత్రులు, గదికి 4,200, దానిపై 5 శాతం జీఎస్టీ, మొత్తం 17,640. ట్రిప్పు ఖర్చులో దాదాపు సగం. ఏసీ సంగతి అప్పుడే రిసెప్షన్‌లో చెప్పారా, మెసేజ్ ఏదైనా పెట్టారా? పెట్టి ఉంటే దాంతో హోటల్‌కు రాయండి. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఏమీ అనకుండా కిటికీ తెరుచుకుని పడుకుని ఉంటే మాత్రం ఆ డబ్బు మీద ఆశ వదులుకోండి.

మ్యూజియం తప్పు మీదే. అమరావతి శిల్పాలున్న చోటికి తమ్ముణ్ణి శుక్రవారం తీసుకెళ్ళారు. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నారు, ఒక్కసారి చూసుకోవాల్సింది. ఆ ఆటో డబ్బులు మీరే పెట్టుకోండి.

మీ లెక్కల కాగితంలో ఇంకొకటి కనిపించింది. మహాబలిపురానికి కారు 4,800, టికెట్టు తలకు 40. రాయపేట హైరోడ్డులో శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి కన్నుమూసిన ఇంటికి ఆటో ఖర్చే. నెల్లూరు జిల్లాకు పెట్టుకున్నది ఆయన పేరే కదా, అక్క అక్కడ చాలాసేపు నిలబడిపోయిందంటే ఎందుకో తెలుస్తూనే ఉంది. ముగ్గురికీ నచ్చిన రెండు చోట్లకూ కలిపి ఐదు వేల చిల్లర. ఎవరూ మెచ్చుకోని గదికి పదిహేడున్నర వేలు.

తమ్ముడికి మీరు పెట్టాల్సిన మెసేజ్‌లో ట్రిప్పు బాగుందా లేదా అన్న చర్చే వద్దు. ‘ఒరేయ్, కార్డు మీద నెలకు మూడు వేలు దాటి వడ్డీ పడుతోంది. నీ వాటా 12,333, ఐదో తారీఖులోగా పంపు. హోటల్ నుంచి ఏమైనా వెనక్కొస్తే పంచుకుందాం’ అనండి చాలు. ఇప్పటిదాకా పడిన వడ్డీ మాత్రం వాళ్ళ నెత్తిన రుద్దకండి, కార్డు కథ వాళ్ళకు మీరు చెప్పనే లేదు.

అక్క దగ్గర రెండు పద్దులున్నాయి, కలపొద్దు. ట్రిప్పు వాటాను పుట్టింటి పెట్టుపోతల కింద తమ్ముడూ మీరూ భరిస్తే బాగుంటుందని నా ఉద్దేశం. అప్పుడు ఇద్దరికీ చెరో 18,500. తమ్ముడు కాదంటే ఆ భాగం మీరొక్కరే వేసుకోండి. ఏ సంగతైనా ఇప్పుడే ఆవిడతో చెప్పేయండి. పైకి అనకుండా మాఫీ చేసి రేపు పండక్కి మనసులో లెక్కలేసుకోవడం కంటే అది నయం. గొలుసు మాత్రం ఆవిడ కొనుక్కున్నది. నెలకు 6,000 చొప్పున ఎనిమిది నెలలు పంపమనండి. మీ ఖాతాలోకి వచ్చేది ఇచ్చిన అప్పే కాబట్టి దాని మీద పన్ను భయం లేదు. తమ్ముడు ఒప్పుకుంటే అతని 18,500 వెంటనే లోన్‌కు కట్టి, అక్క ఆరు వేలకు మీరు నెలకు 2,500 జతచేస్తే ఎనిమిది నెలల్లో దాదాపు తీరిపోతుంది.

అన్నట్టు, మీ ఉత్తరంలో మీ ఆవిడ ఊసే లేదు. 85,000 కార్డు బాకీ ఉందని ఆవిడకు తెలుసా? తెలియకపోతే అక్కకు ఫోన్ చేసే ముందు ఆ పని కానివ్వండి.

తమ్ముడు వచ్చే ఏడాది బెంగళూరు రమ్మంటున్నాడన్నారు, వెళ్ళండి. మీరిద్దరూ చెరో 1,500, అక్క 500, నెలకు 3,500 ఆర్‌డీ వేస్తే ఏడాదికి 42,000 చేతిలో ఉంటుంది, కార్డు బయటికి తీసే పనే ఉండదు. ఆర్‌డీ తమ్ముడి పేరునే తెరవమనండి, గదులు కూడా అతణ్ణే చూడమనండి.