పాత మౌజర్ కొనే ముందు

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, గ్రీన్‌కార్డు ఉంది. ఇక్కడ ఒక వేలంలో మౌజర్ సి96 పిస్టల్ పెట్టారు. 1897లో టర్కీ సైన్యం కోసం తయారైందట. పిస్టల్ పెట్టుకునే కొయ్య హోల్‌స్టర్ (ఒర) కూడా ఉంది. నలుపు అక్కడక్కడా పోయింది. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? కొన్నాక మెరుగు పెట్టించి, ఒకసారి పేల్చి చూడొచ్చా?

జవాబు: దయచేసి మెరుగు మాత్రం పెట్టించకండి. బఫింగ్ చక్రం కింద పెట్టి పాడుచేసినవి చాలా చూశాను. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడిపోతాయి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మళ్ళీ బ్లూయింగ్, అంటే ఇనుము మీద ఉండే నల్లటి పూత, వేయించినా అవి తిరిగి రావు. నలుపు పోయి గోధుమరంగు తిరిగిన ఇనుమే నాకు ముద్దు. పల్చగా నూనె రాసి ఉంచండి, చాలు.

టర్కీ కోసం జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ చేసింది వెయ్యి పిస్టళ్లే. అంత అరుదు కాబట్టే అమ్మేవాళ్ల మాట నమ్మకుండా మీరే చూడాలి. దాని మీద సీరియల్ నంబరు, గురి చూసే వెనక సైటు మీద దూరాల అంకెలు అరబిక్ లిపిలో ఉంటాయి. పిస్టల్ వెనక ఉండే హేమర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి) పక్కల గుండ్రటి మెట్లతో శంఖువులా ఉండాలి. మధ్యలో రంధ్రంతో ఉంగరంలా ఉంటే అది తర్వాతి కాలం హేమర్. 1899లో ఇటలీ నౌకాదళం తీసుకున్న 5,000 పిస్టళ్లకు ఉన్నది ఆ ఉంగరం హేమరే. వాటి ఫ్రేము పక్కలు కూడా గాడి లేకుండా చదునుగా ఉంటాయి.

తర్వాత విప్పి చూపించమని అడగండి. పిడి చెక్కలకు తప్ప ఈ పిస్టల్లో ఎక్కడా స్క్రూ లేదు, భాగాలన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. బోల్టు (తూటా వెనక ముందుకూ వెనక్కూ కదిలే ఇనుప కడ్డీ), హేమర్, దాన్ని పట్టి ఉంచే లోపలి లాక్ ఫ్రేము, వీటి మీద సీరియల్ నంబరులోని చివరి అంకెలు కలవాలి. కలవకపోతే ఎప్పుడో భాగాలు మారాయన్నమాట. ధర బాగా తగ్గించి అడగండి. విప్పడానికి ఒప్పుకోకపోతే వదిలేయండి.

నంబర్ల విలువ తెలియాలంటే కలకత్తా సంగతి గుర్తు చేసుకోవాలి. 1914 ఆగస్టు 26న అక్కడ తుపాకులమ్మే రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్లు, 46,000 తూటాలు విప్లవకారులు దారి మళ్ళించారు. ప్రతి పిస్టల్ నంబరూ కంపెనీ పుస్తకంలో రాసి ఉంది. తర్వాత ఎక్కడ ఏ మౌజర్ దొరికినా పోలీసులు పోల్చి చూసింది ఆ నంబర్లతోనే. మరుసటి ఏడాది ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బెంగాల్ విప్లవకారుడు బాఘా జతిన్ బృందం పోరాడిందీ మౌజర్లతోనే.

పేల్చే ముందు గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించి స్ప్రింగులు, బోల్టును వెనక్కి దూసుకుపోకుండా ఆపే బోల్టు స్టాప్ పరీక్ష చేయించండి. 7.62 తోకరేవ్ తూటా ఇందులో చక్కగా పడుతుంది, కానీ దాని పీడనం ఎక్కువ. ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. దీనికి 7.63 మౌజర్ తూటాలే వాడాలి. అసలు పేల్చకుండా దాచుకోమనే నా సలహా.

కొయ్య హోల్‌స్టర్‌ను పిడి వెనక తగిలిస్తే భుజానికి ఆనించే బట్ అవుతుంది. అది పిస్టల్ నాటిదా, కొత్తగా చేసిన నకలా తేల్చుకోండి. బట్ తగిలిస్తే అమెరికా చట్టంలో లెక్క మారుతుంది కాబట్టి లైసెన్సున్న డీలర్‌ను అడిగాకే తగిలించండి.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్1బి మీద ఉన్నాడు. అతనూ కొనొచ్చా?

జవాబు: ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి ఆ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు, కాబట్టి ఈ నిషేధం కిందికి రావు. అయితే రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు, తయారీ సంవత్సరాన్ని కూడా రుజువు చేసుకోవాలి. డబ్బు కట్టకముందే లాయర్‌తో మాట్లాడమనండి.